చిల్లు ముందా, ఉండ ముందా? నూనె మూకుడులో ఒక చరిత్ర పాఠం



బేకరీల్లో మీరు డోనట్‌ను చూసే ఉంటారు. మధ్యలో చిల్లు, పైన చాక్లెట్ పూత, చిన్న బండి చక్రంలాంటి ఆకారం. కొన్ని దుకాణాల్లో దాని పక్కనే ఉసిరికాయంత ఉండలు కూడా పెట్టి అమ్ముతారు. ఇంగ్లీషులో వాటిని 'డోనట్ హోల్స్' అంటారు, అంటే డోనట్ చిల్లులు. చిల్లును అమ్మడమేమిటి, తినడమేమిటి అని మీకు నవ్వు రావచ్చు. పరిచిన పిండిని చక్రంగా కోసేటప్పుడు మధ్యలోంచి ఊడివచ్చిన ముక్కను పారేయకుండా వేయిస్తే తయారయినదే ఈ ఉండ అని ఆ పేరు మనకు చెబుతోంది. అంటే చక్రం అసలు వంటకం, ఉండ దాని మిగులు అన్నమాట.

ఈ మాట ఎంతవరకు నిజం? ఇవాళ్టి పాఠంలో మనం పరీక్షించబోయేది ఇదే. వంటింటి విషయానికి చరిత్ర పాఠంలో చోటెందుకని అనుకోకండి. రాజుల చరిత్రకు శాసనాలు, నాణేలు ఉంటాయి. మూకుడు ముందు నిలబడి పిండి వేయించిన వాళ్లు శాసనాలు వేయించలేదు. అందుచేత ఇలాంటి విషయాల్లో ఆధారాన్ని తూచి చూడటం మరింత కష్టం, మరింత అవసరం కూడా.

ముందుగా అందరూ చెప్పుకొనే కథ విందాం. అమెరికా ఈశాన్య మూలన మెయిన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి రాక్‌పోర్ట్ అనే సముద్రతీర పట్టణంలో ఒక ఫలకం కనిపిస్తుంది. హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు 1847లో డోనట్‌కు చిల్లును కనిపెట్టాడని దాని సారాంశం. అప్పటికి అతడు పదిహేను, పదహారేళ్ల కుర్రవాడు. ఓడ మీద వేయించి పెట్టిన పిండివంటలు అంచుల్లో కరకరలాడుతూ, నడుమ పచ్చి పిండిగా ఉండేవట. అతడు మిరియాల డబ్బా మూతతో నడిమి భాగాన్ని కోసేశాడట. అంతే, సమస్య తీరిపోయింది.

జనంలో ఈ కథకు ఇంకా రంగులు అద్దారు. ఓడ చుక్కానికి ఉండే చక్రపు పిడికి అతడు రొట్టెను గుచ్చాడని, అలా చిల్లు పడిందని కొందరు చెబుతారు. ఇంకొందరు అతని తల్లి ఎలిజబెత్ గురించి చెబుతారు. నడుమ పిండి ఉడకదని తెలిసి ఆమె అక్కడ ఆక్రోటు పప్పు పెట్టి వేయించేదట. ఈ రెండో కథను గుర్తుంచుకోండి, మళ్లీ దాని అవసరం పడుతుంది. ఫలకం మీద కొడుకు పేరు ఉంది. పిండి కలిపిన తల్లి ఆ కథలో ఒక పక్కపాత్ర మాత్రమే.

సరే, ఈ కథకు ఆధారమేమిటి? గ్రెగరీ స్వయంగా చెప్పిన మాటలు 1916లో అమెరికా పత్రికల్లో అచ్చయ్యాయి. అప్పుడాయన వయసు ఎనభై దాటింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్విన్సీ పట్టణంలో వృద్ధ నావికుల ఆశ్రమంలో ఉండేవాడు. అంటే జరిగిన దానికి, అచ్చయిన దానికి మధ్య దాదాపు డెబ్బై ఏళ్లు గడిచాయి. ఆయన అబద్ధమాడాడని నేననను. కానీ డెబ్బై ఏళ్ల కిందటి సంగతిని ఒక్కరే చెబుతుంటే, దాన్ని బలపరిచే కాగితం ఆ కాలంనుంచి లేకపోతే, చరిత్రకారులు దాన్ని 'జ్ఞాపకం' అనే గంపలో వేస్తారు, 'రుజువు' అనే గంపలో కాదు. 1941లో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో ఈ విషయం మీద బహిరంగ వాదోపవాదాలు జరిపి గ్రెగరీ పక్షమే గెలిచిందని తీర్పు చెప్పారు. అది ప్రచారం కోసం పెట్టిన వేడుక. అలాంటి తీర్పులు సరదాకు పనికివస్తాయి, చరిత్రకు కాదు.

దీనికంటే గట్టి ఆధారం ఒకటుంది. అదే మెయిన్ రాష్ట్రంలో, రాక్‌పోర్ట్‌కు ఎంతో దూరం లేని థామస్టన్‌కు చెందిన జాన్ బ్లాండెల్ అనే ఆయన 1872లో డోనట్‌లు కోసే పనిముట్టుకు పేటెంటు పొందాడు. దాని ప్రత్యేకత ఏమిటో తెలుసా? చిల్లు వేసే గొట్టంలో ఇరుక్కుపోయిన పిండి ముక్కను స్ప్రింగు సాయంతో బయటికి నెట్టడం. ప్రభుత్వ దస్తావేజు, తేదీతో సహా ఉంది. 1872 నాటికి చక్రం ఆకారపు డోనట్ ఆ ప్రాంతంలో మామూలయిందని, మధ్య ముక్క ఇరుక్కోవడం వంటవాళ్లకు నిజమైన చిరాకుగా ఉండేదని దీనివల్ల తేలుతోంది. గ్రెగరీ మాట నిజమే కావచ్చుననడానికి కూడా ఇది కొంత ఊతమిస్తుంది. చిల్లు పుట్టింది 19వ శతాబ్దం మధ్యలో, అటూఇటుగా. ఇంతవరకు మనం నమ్మకంగా చెప్పవచ్చు.

మరి చిల్లు లేనప్పుడు డోనట్ ఎలా ఉండేది? 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే రచయిత న్యూయార్క్ నగర చరిత్ర పేరుతో ఒక వ్యంగ్య గ్రంథం రాశాడు. డీడ్రిక్ నికర్‌బాకర్ అనే మారుపేరుతో ప్రచురించాడు. న్యూయార్క్ ఒకప్పుడు డచ్చివారి వలస. ఆ కాలపు తేనీటి విందుల్ని వర్ణిస్తూ ఆయన బల్ల మీద తప్పనిసరిగా ఉండే ఒక పళ్లెం గురించి చెబుతాడు. అందులో ఉండేవి తీపి కలిపిన పిండిని ఉండలు చేసి, పంది కొవ్వులో వేయించినవి. వాటికి రెండు పేర్లిచ్చాడు: ఒకటి డోనట్, రెండోది డచ్చి పేరు, 'ఓలీకోక్'. అంటే నూనెలో వేగిన అప్పం.

గమనించారా? డోనట్ అనే మాటకు ప్రసిద్ధి తెచ్చిన తొలి వర్ణనలోనే అది ఉండ! చక్రం కాదు. చిల్లు ప్రసక్తి లేదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఇర్వింగ్ పుస్తకం వేళాకోళం కోసం రాసినది. 17వ శతాబ్దపు డచ్చివారి గురించి ఆయన చెప్పినదంతా యథాతథంగా నమ్మకూడదు. కానీ 1809లో తన పాఠకులకు డోనట్ అంటే ఉండగా అర్థమవుతుందని ఆయన అనుకున్నాడు కదా, ఆ మేరకు ఆయన మంచి సాక్షి.

డచ్చివారి సంగతికి ఇంకో సాక్షి ఉంది, అది మాటల్లో కాదు, రంగుల్లో. నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్ పట్టణ ప్రదర్శనశాలలో 1652 ప్రాంతపు చిత్రపటం ఒకటి ఉంది. చిత్రకారుడు ఆల్బర్ట్ కైప్. ఒక పనిపిల్ల, ఆమె దగ్గర గిన్నె నిండా గుండ్రంగా ఎర్రగా వేగిన పిండి ఉండలు. ఇవాళ డచ్చివారు వాటిని 'ఓలీబాల్' అంటారు, నూనె ఉండ అని అర్థం. డిసెంబరు 31 రాత్రి అవి లేని డచ్చి ఇల్లు అరుదు. రాక్‌పోర్ట్ కుర్రవాడు పుట్టడానికి 180 ఏళ్ల ముందే ఉండ ఉంది. కాబట్టి మన మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఉండ చక్రానికి మిగులు కాదు. ఉండే ముందు. చక్రం తరువాత వచ్చిన మార్పు.

ఇంకా వెనక్కి వెళదాం. క్రీస్తుపూర్వం 160 ప్రాంతంలో రోమ్‌లో కాటో అనే రాజనీతిజ్ఞుడు వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. ద్రాక్షతోటలు, పశువులు, కూలీల జీతభత్యాల మధ్య ఆయన వంటకాలు కూడా చొప్పించాడు. వాటిలో ఒకదాని పేరు 'గ్లోబి', అంటే గోళాలు. జున్ను, మోటు గోధుమ రవ్వ కలిపి ఉండలు చేయాలి. రాగి పాత్రలో కొవ్వు కాచి అందులో వేయాలి. రెండు కర్రపుల్లలతో మాటిమాటికీ తిప్పుతూ వేయించాలి. తీశాక తేనె పూసి, గసగసాలు చల్లాలి. ఇందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఇంకొకటుంది: ఒకేసారి ఒకటి లేదా రెండు మాత్రమే వేయించాలట. థర్మామీటరు లేని కాలంలో రాసిన ఈ చిన్న సూచనలో పెద్ద భౌతికశాస్త్రం దాగి ఉంది. కాసేపట్లో దాని దగ్గరికే వస్తాం.

బాగ్దాద్‌లో 1226లో అల్ బాగ్దాదీ కూర్చిన అరబ్బీ వంటల పుస్తకంలో 'లుఖ్మత్ అల్ ఖాదీ' అనే వంటకం ఉంది. న్యాయాధికారి నోటి ముద్ద అని ఆ పేరుకు అర్థం. పులిసిన పిండిని గింజంత ఉండలుగా తీసి, నువ్వుల నూనెలో వేయించి, పాకంలో ముంచి, పైన చక్కెర పొడి చల్లాలి. ఇది మన ఉపఖండానికీ చేరింది. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు ముల్తాన్‌లో జరిగిన ఒక విందులో ఇలాంటి తీపిని చూశాడు. అక్కడి వాళ్లు దాన్ని 'హాషిమీ' అంటున్నారని, తన దేశంలో దీని పేరు వేరని ఆయన రాసుకున్నాడు. ఊరు మారితే పేరు మారడం ఆహార చరిత్రలో మామూలే. పేరును పట్టుకొని పుట్టుకను తేల్చబోతే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది.

మరి మన దగ్గర? ఎవరో తెచ్చి ఇచ్చేదాకా మనకు ఉండలు వేయించడం తెలియదా? అలా అనుకోనక్కరలేదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1129లో 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథాన్ని పూర్తిచేశాడు. నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్ ఆయన రాజధాని. తెలంగాణలో చాలా భాగం అప్పట్లో ఆ రాజ్యంలోనిదే, కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. ఆ గ్రంథంలో భోజనానికి ప్రత్యేక అధ్యాయం ఉంది. అందులో పప్పు రుబ్బి వేయించే వడలున్నాయి. గోధుమపిండి, చక్కెర, ఏలకులతో చేసి వేయించే తీపి వంటకాలున్నాయి. బాగ్దాద్ పుస్తకానికి ఇది దాదాపు వందేళ్లు ముందుది.

ఇక్కడ చాలామంది తొందరపడి ఒక దారం లాగుతారు. రోమ్‌నుంచి బాగ్దాద్, అక్కడినుంచి ముల్తాన్, ఇంకోవైపు ఆమ్‌స్టర్‌డామ్, న్యూయార్క్ అని బాణం గుర్తులతో పటం గీసేస్తారు. కొన్ని చోట్ల ఆ దారం నిజంగానే ఉంది. డచ్చివారినుంచి న్యూయార్క్‌కు వచ్చిందన్నది సాక్ష్యమున్న మాట. కానీ రోమ్ గోళానికీ, మన పునుగుకూ చుట్టరికం కలపడానికి పోలిక ఒక్కటే చాలదు. పోలికకు చుట్టరికమే కారణం కానక్కరలేదు. ఇద్దరూ ఒకే సమస్యను ఎదుర్కొని, ఒకే పరిష్కారానికి వచ్చి ఉండవచ్చు. ఆ సమస్య ఏమిటో చూడటానికి ఇప్పుడు చరిత్ర పుస్తకం మూసి మూకుడు దగ్గరకు వెళదాం.

కాగిన నూనె ఉష్ణోగ్రత సుమారు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్. పిండి ముద్ద అందులో పడగానే పైపొరలోని నీరు ఆవిరైపోతుంది. చిటపటమంటూ వచ్చే బుడగలు ఆ ఆవిరివే. నీరు పోయిన పొర ఎండి గట్టిపడుతుంది, వేడి 140 డిగ్రీలు దాటేసరికి ఎర్రబడుతుంది. మాంసకృత్తులు, చక్కెరలు కలిసి రంగు, వాసన ఇచ్చే ఈ చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించాడు. లోపలి సంగతి వేరు. అక్కడ నీరు ఉన్నంతసేపూ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. వేడి పైనుంచి లోపలికి మెల్లగా పాకుతూ వెళ్లాలి. పిండి మంచి ఉష్ణవాహకం కాదు. అంటే ఇదొక పరుగు పందెం: పైభాగం మాడేలోగా నడుమ ఉడకాలి.

పందెంలో గెలుపు దూరం మీద ఆధారపడుతుంది. ఆకారం మారకుండా పరిమాణం రెట్టింపయితే నడుమకు వేడి చేరే కాలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఎందుకంటే కాలం దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది. ఒక లెక్క చేద్దాం. 6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పిండి ఉండ తీసుకోండి. దాని ఘనపరిమాణం సుమారు 113 ఘన సెంటీమీటర్లు. నడుమ బిందువు నూనెకు 3 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంతే పిండితో చక్రం చేస్తే? 3 సెంటీమీటర్ల లావున్న కడ్డీని వంచి, బయటి వ్యాసం 8, చిల్లు వ్యాసం 2 సెంటీమీటర్లు ఉండేలా చేయవచ్చు. ఇప్పుడు పిండిలో ఏ బిందువూ నూనెకు ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి దూరంలో లేదు. వేగే కాలం సగానికి పైగా తగ్గిపోతుంది.

అదే పిండిని రెండున్నర సెంటీమీటర్ల చిన్న ఉండలు చేస్తే సుమారు 14 వస్తాయి. పెద్ద ఉండతో పోలిస్తే వీటి నడుమ దాదాపు ఆరో వంతు కాలంలోనే ఉడికిపోతుంది. అంటే చిల్లు పెట్టడం, చిన్నగా చేయడం ఒకే సమస్యకు రెండు జవాబులు. మూడో జవాబు కూడా ఉంది: నడుమ ఉడకవలసిన పిండే లేకుండా చేయడం. ఎలిజబెత్ ఆక్రోటు కథ ఇదే. మన బూరె కూడా ఇదే! పూర్ణం ముందే ఉడికి ఉంటుంది. నూనెలో వేగవలసింది పైనున్న పలచని తోపు మాత్రమే. ఇక వేలితో చిల్లు పెట్టే మినప గారె మొదటి జవాబుకు ఉదాహరణ, చిటికెలో వేగే పునుగు రెండోదానికి. మూడు జవాబులూ మన వంటింట్లోనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే, ఉష్ణవహనం పాఠానికి మన వంటింటిని మించిన ప్రయోగశాల నేను చూడలేదు.

చిన్న ఉండకు ఒక లోటు ఉంది, అదీ చెప్పాలి. 14 ఉండల మొత్తం ఉపరితలం పెద్ద ఉండ ఉపరితలానికి సుమారు రెండున్నర రెట్లు. ఉపరితలం పెరిగితే అంటుకొనే నూనె కూడా పెరుగుతుంది. నూనె చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. ఇప్పుడు కాటో మాట గుర్తుచేసుకోండి. చిన్న పాత్రలో ఒకేసారి పది ఉండలు వేస్తే నూనె వేడి పడిపోతుంది. ఆవిరి జోరుగా బయటికి రాకపోతే పైపొర త్వరగా గట్టిపడదు, ఉండ నూనె పీల్చి జిడ్డుగా తయారవుతుంది. ఒకటి, రెండు చాలన్నది అందుకే.

ఇంతవరకు ఆకారం సంగతి. ఇంట్లో అరగంటలో డోనట్ ఉండలు చేసుకోగలగడానికి ఇంకొక మలుపు కావాల్సి వచ్చింది. అది రసాయనశాస్త్రం తెచ్చిన మలుపు. డచ్చివారి ఉండలు, బాగ్దాద్ ఉండలు ఈస్ట్ వల్ల పులిసినవి. ఈస్ట్ సజీవమైన సూక్ష్మజీవి. చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేయడానికి దానికి గంటలు పడుతుంది. చలికాలంలో మన దోసెల పిండి పులవడానికి ఎంత మొండికేస్తుందో మీకు తెలుసు కదా. 18వ శతాబ్దం చివర అమెరికాలో గృహిణులు ఒక అడ్డదారి పట్టారు. కట్టెల బూడిదనుంచి తీసిన 'పెర్ల్‌యాష్' అనే క్షారాన్ని పిండిలో కలిపేవారు. 1796లో అమీలియా సిమ్మన్స్ ప్రచురించిన 'అమెరికన్ కుకరీ'లో ఈ పద్ధతి కనిపిస్తుంది. పుల్లని పదార్థం తగిలితే క్షారం వాయువును వదులుతుంది. ఎక్కువైతే పిండి సబ్బులా చేదెక్కుతుంది.

1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి సోడా, ఆమ్లం కలిపి ఒక పొడి చేశాడు. ఆయన భార్యకు ఈస్ట్ పడేది కాదు, అందుకోసం. అమెరికాలో ఎబెన్ హార్స్‌ఫోర్డ్ ఈ పనిని పరిశ్రమ స్థాయికి తీసుకుపోయాడు. జర్మనీలో సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దగ్గర చదివి, హార్వర్డ్‌లో ఆచార్యుడైనవాడు ఆయన. 1856లో కాల్షియం ఆమ్ల ఫాస్ఫేట్‌కు పేటెంటు పొందాడు. దీన్ని సోడియం బైకార్బొనేట్‌తో కలిపితే, నీరు తగిలినప్పుడు మాత్రమే వాయువు పుడుతుంది. 1860ల్లో రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి, తేమ పీల్చుకోవడానికి మొక్కజొన్న పిండి కలిపి అమ్మారు. అదే మీ కిరాణా కొట్లో దొరికే బేకింగ్ పౌడర్‌కు తాత. గంటల పని నిమిషాల్లోకి వచ్చింది. తెల్లవారుజామున లేచి పిండి నానబెట్టే ఆడవాళ్లకు ఇది ఎంతటి ఊరటో ఆలోచించండి. చరిత్ర పుస్తకాల్లో రైలింజన్‌కు దొరికినంత చోటు దీనికి దొరకలేదు, నా దృష్టిలో అది అన్యాయమే.

ఇక చేసి చూద్దాం. ఒక కప్పు, అంటే సుమారు 125 గ్రాముల మైదా తీసుకోండి. అందులో 35 గ్రాముల చక్కెర పొడి, ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, కాస్త ఏలకుల పొడి వేసి బాగా కలపండి. అమెరికాలో ఏలకుల బదులు జాజికాయ వేస్తారు. వేరే గిన్నెలో 90 మిల్లీలీటర్ల పాలు, 15 గ్రాముల కరిగిన వెన్న కలిపి పిండిలో పోయండి. పునుగుల పిండిలా మెత్తగా, చేతినుంచి ముద్దగా జారేలా ఉండాలి. పలచనైతే ఒక చెంచా మైదా వేయండి. ఎక్కువసేపు పిసకవద్దు. పిసికితే గ్లూటెన్ అనే మాంసకృత్తు సాగి వలలా బిగుస్తుంది, ఉండ రబ్బరులా తయారవుతుంది. బేకింగ్ పౌడర్ లేకపోతే పాల బదులు పుల్లని పెరుగు, పావు చెంచా వంటసోడా వాడండి. మైదా, పెరుగు, సోడా! ఇది మన హోటళ్లలో చేసే మైసూరు బొండా రసాయనమే. తీపి ఒక్కటే తేడా.

మూకుడులో మూడు అంగుళాల లోతు నూనె పోసి, మధ్యస్థమైన మంట మీద కాచండి. మూకుడు సగానికి మించి నిండకూడదు. చిటికెడు పిండి వేసి చూడండి. అడుక్కి వెళ్లి వెంటనే తేలితే వేడి సరిపోయింది. అడుగునే ఉంటే ఇంకా కాగాలి, పడగానే నల్లబడితే మంట తగ్గించాలి. ఉసిరికాయకంటే కొంచెం చిన్నగా పిండి జారవిడవండి, వేగేటప్పుడు అది ఉబ్బుతుంది. ఒకసారికి ఐదారు చాలు. జల్లిగరిటెతో తిప్పుతూ రెండు, మూడు నిమిషాలు వేయించండి. ఒకదాన్ని తుంచి చూస్తే నడుమ తడి పిండి కనిపించకూడదు. తీసి కాగితం మీద వేసి, వెచ్చగా ఉండగానే చక్కెర పొడిలో దొర్లించండి.

ఒక హెచ్చరిక. పాఠశాల విద్యార్థులు ఇంట్లో పెద్దవాళ్లు పక్కన లేకుండా ఈ పని చేయవద్దు. నూనె అంటుకుంటే దానిమీద ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లు పోయకూడదు. నీరు నూనెకంటే బరువు, అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను చుట్టూ చిమ్ముతుంది. స్టవ్ ఆపి, మూకుడు మీద పళ్లెం బోర్లించండి. గాలి అందకపోతే మంట దానంతటదే ఆరుతుంది.

వీలైతే నిమ్మకాయంత ఉండ ఒకటి కూడా అదే నూనెలో వేసి, అది ఎర్రబడగానే తీసి కోసి చూడండి. గ్రెగరీ ఓడమీద ఏం చూశాడో మీకు కళ్లారా కనిపిస్తుంది.

ఇప్పుడు మళ్లీ చరిత్రలోకి. ఒక ఇంటి వంటకం దేశమంతా పాకడానికి మొదటి ప్రపంచయుద్ధం కారణమైంది. 1917లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో అమెరికన్ సైనికులకు సేవ చేయడానికి సాల్వేషన్ ఆర్మీ మహిళలు వెళ్లారు. వాళ్ల దగ్గర పిండి, పంచదార, కొవ్వు, డబ్బా పాలు, బేకింగ్ పౌడర్ తప్ప పెద్దగా ఏమీ లేవు. పొయ్యి లేకుండా రొట్టె కాల్చలేరు, కానీ వేయించగలరు. హెలెన్ పర్వియన్స్, మార్గరెట్ షెల్డన్ అనే ఇద్దరు ఆ పని మొదలుపెట్టారు. అప్పడాల కర్ర లేక సారాసీసాతో పిండి పరిచారు. మొదటిరోజు చేయగలిగినవి 150. బురదలో, వానలో సైనికులు వరుసకట్టి నిలబడ్డారు. తరువాత డబ్బా మూతతో కోసి, సన్నని గొట్టంతో చిల్లు వేయడం అలవాటయింది. ఆ సైనికులు ఇంటికి తిరిగి వెళ్లి డోనట్ అడిగారు. 1920లో న్యూయార్క్‌లో ఎడాల్ఫ్ లెవిట్ అనే రష్యన్ వలసదారు తన బేకరీకి డోనట్‌లు చేసే యంత్రాన్ని తయారుచేయించాడు.

ఆ యంత్రంతోనే మన కథ ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. యంత్రం పిండిని పరిచి కోయదు. పిండిని నేరుగా చక్రం ఆకారంలోనే నూనెలోకి వదులుతుంది. అంటే చిల్లు పడుతుంది గానీ, చిల్లులోంచి ముక్క ఊడిరాదు. అయినా 1972లో డంకిన్ డోనట్స్ సంస్థ 'మంచ్‌కిన్స్' పేరుతో డోనట్ చిల్లులను అమ్మకానికి పెట్టింది. 1939 నాటి ఒక ప్రసిద్ధ హాలీవుడ్ చిత్రంలోని మరుగుజ్జు పాత్రల పేరది. కెనడాలో టిమ్ హార్టన్స్ 1976లో 'టిమ్‌బిట్స్' తెచ్చింది. యంత్రాలు చక్రాలు చేస్తున్నచోట ఆ ఉండలకు పిండిని వేరుగా కొలిచి, వేరుగా ఉండలు చేయాల్సిందే. పేరు చిల్లు, పని మాత్రం 1652లో డచ్చి పనిపిల్ల చేసినదే.

డంకిన్ డోనట్స్ మొదటి దుకాణం ఎక్కడ మొదలైందో చెప్పి ముగిస్తాను. విలియం రోజెన్‌బర్గ్ దాన్ని 1948లో వేరే పేరుతో తెరిచి, 1950లో పేరు మార్చాడు. ఆ ఊరు మసాచుసెట్స్‌లోని క్విన్సీ. చిల్లును కనిపెట్టానన్న ముసలి నావికుడు 1916లో విలేఖరికి తన కథ చెప్పిన ఊరు కూడా అదే.